వెలిగి ఆరే దీపం, బిగుసుకునే స్టీరింగు



ఒక ఏప్రిల్ నెల సాయంకాలం కూడిక నిమిత్తం అనంతపురం నుండి కళ్యాణదుర్గం వైపు మా పాత కారులో వెళ్తున్నాము. బీడు చేల మధ్య ఒక మలుపులో స్టీరింగు ఉన్నట్టుండి రాయిలా బిగుసుకుంది. ఎదుట మీటర్ల దగ్గర పసుపుపచ్చ దీపం వెలిగింది. రెండు చేతులతో బలంగా తిప్పి బండిని పక్కకు తీశాను. దేవుని కృప వలన ఎదురుగా ఏ లారీ రాలేదు. ఇంజను ఆపి మళ్లీ స్టార్టు చేస్తే దీపం లేదు, స్టీరింగు తేలికగా తిరిగింది. "తగ్గిపోయిందిలే" అనుకొని సాగిపోయాము. నేను చేసిన పొరపాటు అదే. జబ్బు తగ్గలేదు, దాక్కున్నది.

తరువాత ఒక షెడ్డులో చూపిస్తే, "సెన్సారు పోయింది, స్టీరింగు కాలమ్ మొత్తం మార్చాలి" అన్నారు. పిల్లల ఫీజులకు దాచినదంతా పెట్టినా చాలని ఖర్చు అది. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు.

మా సంఘంలో లారీలకు వైరింగు పనిచేసే సహోదరుడు ఒకరున్నారు. ఆయన అన్న మాట ఇది: "అయ్యగారూ, తొందరపడి ఏమీ మార్చొద్దండి. బండి ఎప్పుడు మొండికేస్తాదో ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి."

ముందుగా ఈ స్టీరింగు సంగతి కొంచెం తెలిసికొందాము. పాత పవర్ స్టీరింగులో నూనె పంపు సహాయం చేసేది. 1988లో జపానులో సుజుకీ వారి సెర్వో అనే చిన్న కారులో కరెంటు మోటారుతో సహాయం చేసే పద్ధతి వచ్చింది. ఇప్పుడు చాలా కార్లలో ఇదే ఉన్నది. స్టీరింగు కడ్డీలో ఒక సన్నని ఉక్కు కడ్డీ ఉంటుంది. మనం తిప్పినప్పుడు అది రవ్వంత మెలిపడుతుంది. ఆ మెలికను కొలిచేదే టార్క్ సెన్సారు. సాధారణంగా అది రెండు సంకేతాలు పంపుతుంది. ఆ ఇద్దరు సాక్షుల మాట కలవకపోతే కంప్యూటరు మోటారును ఆపి, దీపం వెలిగిస్తుంది. తప్పు దిక్కుకు తిప్పేకంటే ఊరకుండడమే క్షేమం గదా!

అయితే సాక్షులు నిజం చెప్పినా మధ్యలో వైరు వదులైతే మాట చెడుతుంది. మోటారుకు కరెంటు చాలకపోయినా ఇదే గతి. కనుక తక్కువ ఖర్చు పనులతో మొదలుపెట్టి ఈ వరుసలో చూడండి.

మొదటిది, పుస్తకం. బిగుసుకున్న సమయం, ఎండ, వాన, గుంత, నిలిపి తిప్పారా, లైట్లు వేసి ఉన్నాయా అన్నీ రాయండి. ఒకేచోట నిలిపి చాలాసేపు అటూ ఇటూ తిప్పినందుకే బరువెక్కి, కాసేపటికి మామూలైతే అది చాలావరకు మోటారు వేడి. అది చెడిపోకుండా కంప్యూటరే సహాయం తగ్గిస్తుంది.

రెండవది, బ్యాటరీ. బండి ఆపి కొన్ని గంటలు గడిచాక సుమారు 12.6 వోల్టులు, ఇంజను నడిచేటప్పుడు సుమారు 13.5 నుండి 14.5 వరకు ఉండాలి. టెర్మినళ్ల మీది తెల్లని పొడిని శుభ్రం చేయించండి.

మూడవది, ఎర్త్ వైరు. ఇంజను నడుస్తుండగా మల్టీమీటరు ఒక కొస బ్యాటరీ నెగెటివ్ మీద, మరొక కొస స్టీరింగు ఎర్త్ బోల్టు మీద పెట్టి, ఇంకొకరిచేత స్టీరింగు తిప్పించండి. 0.2 వోల్టు దాటితే ఆ దారిలో తుప్పో, వదులో ఉన్నట్టే.

నాలుగవది, ఫ్యూజులు, కప్లర్లు. మన సీమ దుమ్ము, ఎలుకలు రెండూ వీటికి శత్రువులే. కప్లరును మెల్లగా కదిలించినప్పుడు దీపం వెలిగితే దొంగ దొరికినట్టే. పసుపుపచ్చ కప్లర్ల జోలికి మాత్రం పోవద్దు, అవి ఎయిర్‌బ్యాగువి.

ఐదవది, స్కానరు. దీపం ఆరినా తప్పు గుర్తు కంప్యూటరులో నిలిచి ఉండవచ్చు. చవక స్కానర్లు చాలావరకు ఇంజను సంగతే చెబుతాయి. స్టీరింగు కంప్యూటరును చదవగల స్కానరు కావాలి. గుర్తును చెరిపేముందు రాసుకోండి. "టార్క్ సెన్సారు" అని వచ్చినా సెన్సారే చెడిందని అర్థం కాదు, వైరు కూడా కావచ్చు. అన్నీ సరిగా ఉండి అదే గుర్తు మళ్లీ మళ్లీ వస్తేనే కాలమ్ మాట. మార్చిన తరువాత సెన్సారుకు నడిమి స్థానం నేర్పించడం మరువవద్దు.

నిజంగా సెన్సారే చెడడమూ కద్దు. 2014లో ఫోర్డ్ సంస్థ ఈ టార్క్ సెన్సారు లోపం వలననే ఉత్తర అమెరికాలో 9 లక్షలకు పైగా కార్లను వెనక్కి పిలిచింది. కనుక డబ్బు కట్టేముందు మీ ఛాసిస్ నంబరు చెప్పి, ఇటువంటి పిలుపు ఉన్నదేమో షోరూములో అడగండి.

దారిలో బిగుసుకుంటే భయపడవద్దు. చక్రాలకు స్టీరింగుకు ఇనుప బంధం తెగిపోలేదు, బరువుగానైనా తిరుగుతుంది. రెండు చేతులతో పట్టుకొని వేగం తగ్గించి పక్కకు ఆపండి. నడుస్తున్న బండిలో తాళం తీయవద్దు, స్టీరింగు లాకు పడుతుంది.

మా పుస్తకంలో మూడు వారాలకు ఐదు సార్లు రాశాము. ఐదూ గుంతల దారిలో, రాత్రి లైట్లు వేసినప్పుడే. సహోదరుడు బ్యాటరీ కింద చూస్తే ఎర్త్ బోల్టు తుప్పుపట్టి వదులుగా ఉన్నది. గీకి శుభ్రం చేసి బిగించాడు. కొత్త బోల్టు ఖరీదు మా టీ ఖర్చుకంటే తక్కువ. ఆ పుస్తకం ఇంకా కారులోనే ఉన్నది, ఆరవ మాట రాసే అవసరం రాలేదు.

మీ ఇంట బండి ఉంటే నేడే ఒక చిన్న పుస్తకం, పెన్సిలు అందులో పెట్టండి. దీపం ఆరిందని ఊరుకోవద్దు, వెలిగిందని కంగారుపడి కాలమ్ కొనవద్దు.