రికవరీ కీ చేతికిచ్చాకే అప్‌గ్రేడ్ మొదలుపెట్టండి

ఇంట్లో కంప్యూటర్ ఉన్నవాళ్లకీ, కంప్యూటర్లు బాగుచేసే షాపులవాళ్లకీ విన్నపం.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలుగా వచ్చే భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్ మొదలు మండల కేంద్రంలో జిరాక్సు షాపు పక్కన గది దాకా ఎక్కడ చూసినా విండోస్ 11 వేయించుకునేవాళ్లే. వేయించుకోవద్దని మేం అనడం లేదు. అప్‌డేట్లు ఆగిన విండోస్‌తో బ్యాంకు లావాదేవీలు చెయ్యడం ప్రమాదమే. మేం అడిగేవి రెండే. కంప్యూటర్ ఎవరిదో మైక్రోసాఫ్ట్ అకౌంట్ వాళ్ల పేరునే ఉండాలి, రికవరీ కీ వాళ్ల చేతిలోనే ఉండాలి. ఈ రెండూ చూసుకోకుండా ఎవరూ ఎవరి కంప్యూటర్లోనూ అప్‌గ్రేడ్ మొదలుపెట్టకూడదు.

ఎందుకింత గట్టిగా చెబుతున్నామో వినండి. విండోస్ 11 వేయించుకుని ఇంటికి తెచ్చిన లాప్‌టాప్ కొన్నాళ్లు బాగానే నడుస్తుంది. ఒకరోజు బయోస్ అప్‌డేట్ పడుతుంది, లేదా మదర్‌బోర్డు మార్చాల్సి వస్తుంది. ఆన్ చెయ్యగానే నీలం తెర వచ్చి బిట్‌లాకర్ రికవరీ కీ అడుగుతుంది. ఆరేసి అంకెల చొప్పున ఎనిమిది గుంపులు, మొత్తం 48 అంకెలు. రోజూ కొట్టే పిన్ అక్కడ చెల్లదు, పాస్‌వర్డూ చెల్లదు.

డిస్కుకు పడిన ఆ బిట్‌లాకర్ తాళం మీరు వేసింది కాదు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే చాలా లాప్‌టాప్‌లలో డిస్కు దానంతటదే ఎన్‌క్రిప్ట్ అవుతుంది. 2024లో వచ్చిన 24హెచ్2 వెర్షన్‌ని కొత్తగా వేసినప్పుడు ఇది మరిన్ని మెషీన్లకు వర్తిస్తోంది. దొంగ చేతిలో పడినా మన ఫైళ్లు బయటికి పోకుండా కాపాడే ఏర్పాటు కాబట్టి దాన్ని మేం తప్పుపట్టం. కానీ దాని కీ ఏ అకౌంట్‌తో లాగిన్ అయ్యారో ఆ అకౌంట్లోకి వెళ్లి కూర్చుంటుంది. మరి ఆ అకౌంట్ ఎవరిది?

చాలాచోట్ల అది షాపువాళ్లది. విండోస్ 11 హోమ్ సెటప్‌లో నెట్ కావాలి, మైక్రోసాఫ్ట్ అకౌంట్ కావాలి. లాప్‌టాప్ ఇచ్చిన మనిషి అప్పటికే ఇంటికి వెళ్లిపోయి ఉంటాడు, ఫోన్ చేస్తే ఎత్తడు, సాయంత్రానికల్లా పని కావాలంటాడు. షాపు కుర్రాడు తన మెయిల్‌తోనే అకౌంట్ తెరిచి, ఏదో ఒక పిన్ పెట్టి ఇచ్చేస్తాడు. ఇందులో దురుద్దేశం లేదు, తొందర ఉంది. ఆర్నెల్లకు నీలం తెర వచ్చేసరికి ఆ కుర్రాడు వేరే ఊళ్లో ఉద్యోగంలో ఉంటాడు. పోయిన కీని మళ్లీ తయారుచేసి ఇవ్వడం మైక్రోసాఫ్ట్‌కి కూడా సాధ్యం కాదు. ఇల్లు కట్టిన మేస్త్రి తాళంచెవి తన మొలతాడుకు కట్టుకుపోతే ఊరుకుంటామా?

అప్పుడు వినిపించే మాట ఒకటే, “ఫార్మాట్ కొట్టేద్దాం సార్, సీ డ్రైవే పోతుంది, డీ డ్రైవ్‌లోవి అలాగే ఉంటాయి.” ఈ మాట ఒకప్పుడు నిజం. ఇప్పుడు ఆ ఎన్‌క్రిప్షన్ లోపలి డ్రైవులన్నిటికీ పడుతుంది. సీ పోయాక డీ కూడా కీ లేకుండా తెరుచుకోదు. పెళ్లి ఫొటోలు, పదేళ్ల టాలీ లెక్కలు, డీటీపీ సెంటర్లో ఏళ్ల తరబడి కంపోజ్ చేసిన శుభలేఖలు, పుస్తకాలు అన్నీ డిస్కులో భద్రంగానే ఉంటాయి, మనకు మాత్రం అందవు. కంగారులో ఫార్మాట్‌కి ఒప్పుకోకండి. ముందు ఆ అకౌంట్ ఎవరిదో వెతికించండి.

కొడుకో కూతురో అమెరికాలో ఉన్న ఇళ్లలో ఇదే కథ ఇంకోలా నడుస్తుంది. సెలవుల్లో వచ్చినప్పుడు అమ్మానాన్నల లాప్‌టాప్‌ని ప్రేమతో తమ అకౌంట్ మీదే సిద్ధం చేసి వెళ్తారు. గుంటూరులో పొద్దున పది గంటలకు లాగిన్ కోడ్ అడిగితే అది డల్లాస్‌లో రాత్రి పొద్దుపోయాక ఫోన్‌కి వెళ్తుంది. పెద్దవాళ్ల పేరున వేరే అకౌంట్ తెరిచి, అందులో వాళ్ల నంబరే ఇవ్వండి.

పాస్‌వర్డ్ సంగతి. పిన్ ఆ ఒక్క మెషీన్‌కే చెందినది, పాస్‌వర్డ్ అకౌంట్‌ది. ఏళ్లుగా పిన్‌తోనే తెరిచేవాళ్లకి పాస్‌వర్డ్ ఏమిటో గుర్తుండదు. టీపీఎం అనే భద్రతా చిప్ క్లియర్ అయితే పాత పిన్ చెల్లదు, అప్పుడు పాస్‌వర్డే దిక్కు. దాన్ని మార్చుకుందామంటే కోడ్ పాత ఫోన్ నంబర్‌కి పోతుంది, రీచార్జ్ ఆపేసిన ఆ నంబర్ ఈపాటికి ఇంకెవరి చేతిలోనో ఉండొచ్చు. పాత నంబరూ, పాత మెయిలూ రెండూ అందకపోతే కొత్త వివరాలు అమల్లోకి రావడానికి మైక్రోసాఫ్ట్ 30 రోజులు ఆపుతుంది. అందుకే అప్‌గ్రేడ్‌కి ముందే ఫోన్ బ్రౌజర్లో ఒకసారి ఆ అకౌంట్‌లోకి లాగిన్ అయి చూడండి. అది కుదిరితే సగం గండం గడిచినట్టే.

తెలుగు టైప్ చేసేవాళ్లకి ఒక మాట. సరైన పాస్‌వర్డే కొట్టినా తప్పు అంటుంటే లాగిన్ తెర మూలన భాష గుర్తు చూడండి. పాస్‌వర్డ్ పెట్టె పక్కన కన్ను బొమ్మ నొక్కితే కొట్టింది కనిపిస్తుంది. హెచ్ కొడితే ప, జే కొడితే ర పడుతున్నాయంటే కీబోర్డు ఇన్‌స్క్రిప్ట్‌లో ఉందన్నమాట. ఇంగ్లిష్‌కి మార్చి కొడితే సరిపోతుంది.

పెన్‌డ్రైవ్ పెట్టి లోకల్ అకౌంట్ (మైక్రోసాఫ్ట్‌ది కాకుండా ఆ కంప్యూటర్లోనే ఉండేది) పాస్‌వర్డ్ తీసేయించుకునేవాళ్లూ ఆగండి. అలా బలవంతంగా మారిస్తే లాగిన్ అవుతుంది గానీ, బ్రౌజర్లో దాచుకున్న పాస్‌వర్డులు చాలావరకు పోతాయి. లోకల్ అకౌంట్‌కి పెట్టుకున్న మూడు భద్రతా ప్రశ్నలుంటే ముందు వాటితో ప్రయత్నించండి.

షాపులవారూ, మీ మీద నిందవెయ్యడానికి కాదు ఈ కరపత్రం. మీరు తలుచుకుంటే ఈ కష్టం రేపటినుంచే ఆగుతుంది. అకౌంట్‌ని కస్టమర్ మెయిల్‌తో, కస్టమర్ నంబర్‌తో, ఆయన ఎదురుగా కూర్చున్నప్పుడే తెరవండి. అంతదాకా లాప్‌టాప్ పక్కన పెట్టండి, తొందరపెడితే ఎందుకో చెప్పండి. ఫైళ్ల బ్యాకప్ తియ్యండి. బయోస్ ముట్టుకునే ముందు బిట్‌లాకర్‌ని తాత్కాలికంగా ఆపండి. అప్‌గ్రేడ్ నచ్చకపోతే పాత విండోస్‌కి వెళ్లడానికి 10 రోజుల గడువుంటుంది, ఆలోగా పాత విండోస్ ఫోల్డర్‌ని చోటు కోసం తుడిచెయ్యకండి. రికవరీ కీని కాగితం మీద ఇచ్చామని బిల్లులో రాయండి. ఆ పనికి కొంచెం ఎక్కువ తీసుకున్నా ఇవ్వడానికి మేం సిద్ధం.

మైక్రోసాఫ్ట్‌నూ అడుగుతున్నాం. సెటప్ ముగిసేలోపు ఆ 48 అంకెలూ తెరమీద చూపించి, రాసుకున్నారా అని తెలుగులో అడగాలి. అవునని నొక్కాకే డిస్కుకు తాళం పడాలి.

ఈ కాగితం వెనకవైపు ఆరేసి అంకెలకు ఎనిమిది గళ్లు గీసి ఉంచాం. మైక్రోసాఫ్ట్ అకౌంట్లో డివైసెస్ కింద మీ కీ ఉంటుంది, చూసి ఆ గళ్లలో రాసుకోండి. పక్కనే కనిపించే కీ ఐడీలో మొదటి 8 అక్షరాలు కూడా రాయండి, ఇంట్లో రెండు లాప్‌టాప్‌లుంటే ఏది దేనిదో తెలుస్తుంది. ఆ కీని ఎవరికీ వాట్సాప్‌లో పంపకండి. ఈ కాగితాన్ని పొలం కాగితాలతో కలిపి బీరువాలో పెట్టండి, లాప్‌టాప్ సంచిలో మాత్రం పెట్టకండి.