రెండు న్యాయస్థానముల నడుమ బిడ్డ

హంతకునికైనను తన పక్షమున వాదించు ప్లీడరు కలడు. మన పదునేడేండ్ల విద్యార్థికి లేడు. పలు వసతి కళాశాలలలో తెల్లవాఱకమునుపే లేచి, ప్రొద్దుపోవువఱకు పుస్తకము వదలరాదు. వారమువారము పరీక్ష; మార్కులు తగ్గినచో తక్కువ సెక్షనునకు బహిష్కారము. సెలవునకు ఇల్లు చేరినచో నచ్చట మఱియొక విచారణ. "నీ గారాబముననే చెడినా"డని తండ్రి, "మీ కోపముననే బెదరినా"డని తల్లి! ఫీజుకై చేసిన యప్పు లెక్క కంచముముందే వినిపింతురు. బిడ్డ కళాశాలలో ముద్దాయి. ఇంటిలో తల్లిదండ్రుల కలహమునకు సాక్ష్యము.

2022వ సంవత్సరమున దేశమున 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్యల పాలైరని ప్రభుత్వపు లెక్క. అందు పరీక్ష తప్పుటయే కారణముగా వ్రాయబడినవి 2,248 మాత్రమే. కావున నేరమంతయు కళాశాలపై మోపి తల్లిదండ్రులు చేతులు కడుగుకొనరాదు. అన్ని వయస్సులవారిని కలిపి చూచినను, ఆ యేడు ప్రథమ కారణముగా నమోదైనవి కుటుంబ సమస్యలే.

విశాఖపట్టణమున చదువుచుండిన యొక విద్యార్థిని మరణమునుండి పుట్టిన వ్యాజ్యములో, 2025 జూలై 25న సుప్రీంకోర్టు పదునైదు మార్గదర్శకములను విధించినది. నూఱుగురు, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో అర్హతగల మానసిక సలహాదారు ఒక్కరైన నుండవలెను. మార్కులనుబట్టి బిడ్డలను వీలైనంతవఱకు వేఱుచేయరాదు. శాసనము వచ్చువఱకు నీ తీర్పే శాసనము. "వీలైనంతవఱకు" అను మాటలో యాజమాన్యములు దొడ్డిదారి వెదకకుండ చూచువా రెవరు? ఫీజు చెల్లించు తండ్రులే. రసీదు పుచ్చుకొనుటకు ముందు సలహాదారు ఎవరో, సెక్షను లెట్లు విభజింతురో అడుగుడు.

కష్టపడక ర్యాంకు వచ్చునా యని కొందఱు మమ్ము గద్దింతురు. కష్టమునకు మేము శత్రువులము కాము. కష్టము వేఱు, అవమానము వేఱు. మొదటిది బిడ్డను పెంచును, రెండవది కుంగదీయును.

అయితే ఏ కోర్టు అమీనాయు మీ వంటయింట ప్రవేశించి కలహము మాన్పజాలడు. ఆ తీర్పు మీరే చెప్పవలెను. మీ తగవులలోనికి బిడ్డను ఈడ్వకుడు. ఫలితములు వచ్చిన దినమున ముందు అన్నము పెట్టుడు. మార్కుల మాట పిమ్మట. నిద్ర పట్టలేదని, బ్రతుకు రుచింపలేదని బిడ్డ పలికినచో, అది ధిక్కారము కాదు, వ్యాధి యని గ్రహించి వైద్యుని కడకు గొనిపొండు. 2022లో ప్రభుత్వము నెలకొల్పిన టెలిమానస్ సహాయము 14416 నంబరున ఉచితముగ లభించును.

తప్పిన పరీక్ష మరల వ్రాయవచ్చును. బిడ్డ మరల రాడు.