నీళ్లు చల్లితే పెరిగే మంట: ప్రయోగశాలల్లో పొడి ఇసుకే రక్ష

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి: మంట కనబడితే బిందెడు నీళ్లు గుమ్మరించడం పల్లెల్లో చిన్ననాటి నుంచీ ఉన్న అలవాటు. గడ్డివాము అంటుకున్నప్పుడు ఆదుకునే ఆ అలవాటే కాలేజీ ప్రయోగశాలలో ప్రాణం మీదికి తెచ్చే ఆస్కారముంది.

ఈ మూడు జిల్లాలలో సైన్సు చదివిన పల్లె యువకులు మందుల కంపెనీల్లో కొలువుకు వెళ్లడం మామూలే. 2024 ఆగస్టు 21న అనకాపల్లి జిల్లా అచ్యుతాపురం మందుల కర్మాగారంలో ద్రావకపు ఆవిరి అంటుకొని 17 మంది మరణించారు. 2025 జూన్ 30న సంగారెడ్డి జిల్లా పాశమైలారం పేలుడు 40 మందికి పైగా బలిగొన్నది. అటువంటి చోటికి వెళ్లే పిల్లలకు జాగ్రత్త చదువుతోపాటే అలవడాలి.

సోడియంను కిరోసిన్‌లో ముంచి ఉంచేది గాలిలోని తేమ సోకకుండా ఉండేందుకే. నీరు తగిలితే హైడ్రోజన్ వెలువడి, అప్పుడు పుట్టే వేడికే భగ్గుమంటుంది. మిగిలిన ముక్కను నీళ్ల తొట్టిలోనో, చెత్తబుట్టలోనో పారవేస్తే ముప్పు తప్పదు. తెల్ల భాస్వరం ఇందుకు విరుద్ధం. దానిని నీళ్లలోనే ఉంచాలి. బయటికి తీస్తే గాలికే అంటుకుంటుంది. నిప్పు పెట్టకుండానే మంట పుట్టడం భూపాలపల్లి గని కార్మికులకు తెలియని సంగతి కాదు. గాలి సోకిన బొగ్గు వేడెక్కి తనంతట తానే రాజుకోవడం గనుల్లో పాత సమస్యే.

దుస్తుల విషయమూ చిన్నది కాదు. 2008 డిసెంబరు 29న అమెరికాలో, లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో, గాలి తగిలితే మండే ద్రవం సిరంజి నుంచి చింది 23 ఏళ్ల పరిశోధక సహాయకురాలికి నిప్పంటుకుంది. 18 రోజులకు ఆమె మరణించింది. అప్పుడు ఆమె ఒంటిపై రక్షణ కోటు లేదు. ఉన్నది సింథటిక్ స్వెట్టరు. పత్తి పండించే ఈ ప్రాంతపు పిల్లలకు ఒక నూలు కోటు కరువు కారాదు.

నివారణకు పెద్ద ఖర్చు అక్కరలేదు. కళ్లద్దాలు, నూలు కోటు, సీసాలపై చెరగని పేర్లు, పక్కనే అధ్యాపకుడు ఉంటే చాలావరకు ప్రమాదం తప్పుతుంది. సోడియం ముక్క పెసరగింజను మించరాదు. అది అంటుకుంటే నీళ్లు గాని, కార్బన్ డయాక్సైడ్ సిలిండరు గాని వాడరాదు; పొడి ఇసుకతో కప్పాలి. వానకు తడిసిన ఇసుక మేలు చేయకపోగా కీడు చేస్తుంది. కాగా యాసిడ్ ఒంటిపై పడితే మాత్రం ధారగా నీళ్లు పోయవలసిందే.

పిల్లలను కాలేజీలో చేర్చేటప్పుడు తల్లిదండ్రులు ఫీజు ఎంతని అడగడం సహజం. ప్రయోగశాలలో పొడి ఇసుక బకెట్టు ఉన్నదా అని కూడా అడగవలసి ఉంది.