సెక్షన్లు కంఠతా వచ్చు, దరఖాస్తు రాయడం రాదు: పోలీసు, జైలు రికార్డుల మాట

ఈసారి నోట్స్ కాదు, ఒక గొడవ రాస్తున్నాను. గొడవ ముందు మనతోనే, తర్వాత ఠాణాతో.

అశోక్‌నగర్‌లో నాతో ఒకే గదిలో ఉన్న మిత్రుడొకడు డిగ్రీలో ఉండగా ఫీజు రీయింబర్స్‌మెంట్ ధర్నాకు వెళ్లాడు. పోలీసులు అందరినీ వ్యాన్ ఎక్కించి, పేర్లు రాసుకుని, సాయంత్రానికి వదిలేశారు. ఏడేళ్ల తర్వాత వాడికి ఉద్యోగం వచ్చింది. అటెస్టేషన్ ఫారంలో ఒక గడి ఉంది: మీపై ఎప్పుడైనా కేసు నమోదైందా? వాడికి తెలియదు. ఠాణాకు వెళ్లి అడిగితే రైటర్ తల ఎత్తకుండానే "పాత ఫైళ్లు ఎక్కడుంటాయి బాబూ, పో" అన్నాడు. గదిలో మేమంతా ఇచ్చిన సలహా ఒకటే: "లేదు అని రాసెయ్‌రా, ఎవడు చూస్తాడు?"

వాడు మా మాట వినలేదు. పది రూపాయలు కట్టి సమాచార హక్కు దరఖాస్తు పెట్టాడు. ఒక్క వాక్యంలో జవాబొచ్చింది: దర్యాప్తునకు సంబంధించిన సమాచారం కాబట్టి 8(1)(హెచ్) కింద ఇవ్వలేం. ఏడేళ్ల నాటి ధర్నాకు ఇంకా ఏం దర్యాప్తు? మొదటి అప్పీలు వేశాక కాగితాలు వచ్చాయి. ఎఫ్‌ఐఆర్ ఉంది, అందులో వాడి పేరుంది, కేసు మూసేసినట్టు తుది నివేదికా ఉంది. మా సలహా విని ఉంటే వాడి సంతకం కింద అబద్ధం ఉండేది.

ఆ గదిలో ఐదుగురం. అందరికీ సమాచార హక్కు చట్టం 2005 వచ్చు. సెక్షన్ 4, 8, 19, 20 ఏవి అడిగినా నిద్రలో చెబుతాం. దరఖాస్తు పెట్టాలన్న ఆలోచన మాత్రం మాలో నలుగురికి రాలేదు. నా గొడవ ఇదే. పారదర్శకత, జవాబుదారీతనం అని జీఎస్-4లో పేజీలు నింపుతాం. ఠాణా గుమ్మం దగ్గరికి వచ్చేసరికి "పోలీసోళ్లు ఇవ్వరులే" అని మనమే తీర్పు ఇచ్చేస్తాం. రేపు అదే కుర్చీలో మనం కూర్చుంటాం. ఇవ్వనవసరం లేదని ఈరోజు నమ్మినవాడు ఆరోజు ఇస్తాడా?

"పోలీసు శాఖకు ఆర్టీఐ వర్తించదు" అన్నది అబద్ధం

కోచింగ్ నోట్సుల్లో కూడా కనిపించే తప్పు ఇది. సెక్షన్ 24 మినహాయింపు నిఘా, భద్రతా సంస్థలకు. కేంద్రంలోనివి రెండో షెడ్యూల్‌లో ఉంటాయి. 2011లో సీబీఐని చేర్చింది అందులోనే. రాష్ట్రాల్లోనివి 24(4) కింద గెజిట్ నోటిఫికేషన్‌తో చేరాలి. ఆ సంస్థలైనా అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణల సమాచారాన్ని ఆ కారణంతో దాచడానికి వీల్లేదు. మీ ఊరి లా అండ్ ఆర్డర్ ఠాణా నిఘా సంస్థ కాదు, జిల్లా జైలూ కాదు.

ఇక అందరూ ఆశ్రయించే 8(1)(హెచ్). ఆ క్లాజు "దర్యాప్తు ఉంటే ఇవ్వొద్దు" అనలేదు. సమాచారం ఇస్తే దర్యాప్తుకో, అరెస్టుకో, ప్రాసిక్యూషన్‌కో ఆటంకం కలిగేటప్పుడు ఇవ్వనక్కర్లేదు అంది. ఈ రెండింటికీ మధ్య ఉన్న తేడాను ఢిల్లీ హైకోర్టు 2007లో భగత్ సింగ్ కేసులో స్పష్టం చేసింది: దర్యాప్తు నడుస్తోందన్నంత మాత్రాన చాలదు, ఎలా ఆటంకమో చూపాలి. పైగా నిరాకరణ సరైనదని నిరూపించే భారం 19(5) ప్రకారం పీఐఓదే, మనది కాదు. ఒక్క వాక్యపు నిరాకరణను చట్టం ఒప్పుకోదు. కారణాలు, అప్పీలు గడువు, అప్పీలు అధికారి వివరాలు రాయాలని 7(8) చెబుతోంది.

అడగకుండానే రావాల్సినవి

అసలు అన్నిటికీ ఆర్టీఐ అక్కర్లేదు. తొందరపడి ఆర్టీఐ వేసి ముప్పై రోజులు పోగొట్టుకోవడం కూడా తెలియనితనమే. చట్టం ముందే ఇవ్వమన్నవి ఇవి:

- ఫిర్యాదుదారుకు లేదా బాధితులకు ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా, వెంటనే ఇవ్వాలి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న బీఎన్‌ఎస్‌ఎస్ 173 ఇది. పాత సీఆర్‌పీసీలో 154.
- యూత్ బార్ అసోసియేషన్ కేసులో సుప్రీంకోర్టు 2016 సెప్టెంబరు 7న ఇచ్చిన ఆదేశం ప్రకారం ఎఫ్‌ఐఆర్‌లను 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టాలి. నెట్ సౌకర్యం సరిగా లేని చోట గరిష్ఠంగా 72 గంటలు. లైంగిక నేరాలు, పోక్సో, ఉగ్రవాదం వంటి సున్నితమైన కేసులకు మినహాయింపు ఉంది. నిందితుడు దరఖాస్తు చేస్తే పోలీసులు 24 గంటల్లో, కోర్టును అడిగితే రెండు పనిదినాల్లో సర్టిఫైడ్ కాపీ ఇవ్వాలి.
- దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా ఫిర్యాదుదారుకు లేదా బాధితులకు పోలీసులే చెప్పాలి. బీఎన్‌ఎస్‌ఎస్ 193(3).
- ఛార్జిషీటు పడ్డాక దాని కాపీ, వాంగ్మూలాలు, ఇతర పత్రాలు నిందితుడు హాజరైన 14 రోజుల్లో ఉచితంగా అందాలి. బీఎన్‌ఎస్‌ఎస్ 230.
- అరెస్టయిన వారి పేరు, చిరునామా, నేర స్వభావం ప్రతి ఠాణాలో, జిల్లా కార్యాలయంలో అందరికీ కనబడేలా ప్రదర్శించాలి. బీఎన్‌ఎస్‌ఎస్ 37. దీని మూలాలు 1996 నాటి డి.కె. బసు తీర్పులో ఉన్నాయి.
- అరెస్టు తర్వాత జరిగే వైద్య పరీక్ష నివేదిక కాపీ ఆ వ్యక్తికి గానీ, అతను చెప్పిన మనిషికి గానీ ఇవ్వాలి. బీఎన్‌ఎస్‌ఎస్ 53.

కేసు కోర్టుకు వెళ్లిందో లేదో తెలియకపోతే ఈ-కోర్ట్స్ సైట్‌లో ఎఫ్‌ఐఆర్ నంబరుతో వెతకొచ్చు. తీర్పు, ఉత్తర్వుల సర్టిఫైడ్ కాపీ కోసం ఆ కోర్టులోనే కాపీ అప్లికేషన్ వేయాలి.

దొరకనిదీ ఒకటుంది. కేస్ డైరీని తెప్పించుకునే హక్కు నిందితుడికి లేదని బీఎన్‌ఎస్‌ఎస్ 192 చెబుతోంది. కేస్ డైరీ వేరు, ఠాణా జనరల్ డైరీ వేరు. రోజూ రాసే ఆ జనరల్ డైరీ 1861 పోలీసు చట్టం సెక్షన్ 44 నుంచీ ఉంది. "డైరీ ఇవ్వం" అంటే ఏ డైరీ అని అడగండి.

జైలు గోడ వెనక రిజిస్టర్లు

జైలు రికార్డుల గురించి అడిగేవాళ్లు ఇంకా తక్కువ. అవసరం అక్కడే ఎక్కువ. ఎన్‌సీఆర్‌బీ లెక్కల ప్రకారం 2022 చివరికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉన్నారు. జైళ్ల సామర్థ్యం 4,36,266. లోపలున్న వారిలో 4,34,302 మంది విచారణ ఖైదీలు, అంటే నూటికి దాదాపు 76 మందిపై నేరం రుజువు కాలేదు.

ఈ అంకెలు మనకు డేటా పాయింట్లు. ఆ ఖైదీ తల్లికి మాత్రం తేదీలు కావాలి. బీఎన్‌ఎస్‌ఎస్ 479 ప్రకారం మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలు కాకపోతే, గరిష్ఠ శిక్షలో సగం కాలం గడిపిన విచారణ ఖైదీ బెయిలుకు అర్హుడు. గతంలో ఏ నేరంలోనూ దోషిగా తేలని వాడైతే మూడో వంతు చాలు. ఒకటికి మించి కేసులుంటే ఈ వెసులుబాటు లేదు. ఆ కాలం పూర్తికాగానే కోర్టుకు దరఖాస్తు చేయాల్సిన బాధ్యత జైలు సూపరింటెండెంట్‌దే. పాత కేసులవారికీ ఇది వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2024 ఆగస్టులో చెప్పింది.

ఇదంతా ఒక్క రిజిస్టర్ మీద ఆధారపడి ఉంది. 1894 జైళ్ల చట్టం సెక్షన్ 12 ఏయే పుస్తకాలు పెట్టాలో పేర్లతో చెప్పింది: ఖైదీల ప్రవేశ రిజిస్టర్, విడుదల తేదీల పుస్తకం, శిక్షల పుస్తకం, సందర్శకుల పుస్తకం, ఖైదీ దగ్గర తీసుకున్న డబ్బు, వస్తువుల రికార్డు. ఫలానా మనిషి ఏ తేదీన లోపలికి వచ్చాడు, ఎన్ని రోజులైంది, 479 కింద సూపరింటెండెంట్ దరఖాస్తు పంపాడా లేదా అన్న ప్రశ్నకు జవాబు అక్కడుంటుంది. ఇది వ్యక్తి స్వేచ్ఛకు సంబంధించిన ప్రశ్న. అలాంటి సమాచారాన్ని 48 గంటల్లో ఇవ్వాలని ఆర్టీఐ 7(1) అంటోంది. దరఖాస్తు మొదటి వరుసలోనే ఆ మాట, ఎందుకో కారణంతో సహా రాయాలి.

జైలు కాగితాలు చదివితే ఏమవుతుందో సుకన్యా శాంత కేసు చూపింది. ఒక జర్నలిస్టు జైలు మాన్యువళ్లను తిరగేసి, కులాన్ని బట్టి పనులు పంచే నిబంధనలను బయటపెట్టారు. 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు వాటిని కొట్టేసి, ఖైదీల రిజిస్టర్లలో కులం గడిని తీసేయమంది. ఆ నిబంధనలు రహస్యమేమీ కాదు. దశాబ్దాలుగా అచ్చులోనే ఉన్నాయి.

"మరి గోప్యత?"

ఎదుటివారి వాదనను కాదనలేను. లైంగిక దాడి బాధితుల పేరు బయటపెట్టడం నేరం. సమాచారమిచ్చిన వారి ప్రాణానికి ముప్పు ఉంటే 8(1)(జి) అడ్డుపడాలి. అమానతుల్లా ఖాన్ కేసులో 2024లో సుప్రీంకోర్టు హిస్టరీ షీట్లను బహిరంగపరచకూడదని, నిందితుడి అమాయక బంధువుల వివరాలు అందులోకి ఎక్కించకూడదని చెప్పింది. మంచిదే. కానీ ఈ రక్షణలన్నీ పౌరుడి కోసం పుట్టినవి. ఠాణా తన తప్పును దాచుకోవడానికి వాటిని వాడుకోవడమే నేను కాదనేది. పేరు కొట్టేసి మిగతా కాగితం ఇవ్వడానికి సెక్షన్ 10 ఉంది. ఒక పేరు కోసం మొత్తం ఫైలు ఆపడం గోప్యత అనిపించుకోదు.

ఈ విషయంలో భయపడాల్సిన మార్పు ఒకటి వచ్చింది. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023, తన సెక్షన్ 44(3) ద్వారా ఆర్టీఐ 8(1)(జె)ని కుదించింది. 2025 నవంబరులో అది అమల్లోకి వచ్చింది. ఇదివరకు ప్రజా కార్యకలాపంతో సంబంధం లేని వ్యక్తిగత సమాచారానికే మినహాయింపు. ఇప్పుడు వ్యక్తిగత సమాచారం అంటే చాలు. లాఠీ ఎత్తిన అధికారి పేరూ వ్యక్తిగతమే అనడానికి దారి దొరికింది. మిగిలిన ఆధారం 8(2): హాని కంటే ప్రజాప్రయోజనం ఎక్కువైతే ఇవ్వొచ్చు. అప్పీలులో ఆ సెక్షన్ పేరెత్తి వాదించడం ఇక తప్పనిసరి.

అప్పీలు వినేవారు ఉండాలి కదా అంటారు, నిజమే. తెలంగాణ సమాచార కమిషన్ 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే వరకు కమిషనర్లు లేకుండా నడిచింది. చట్టాన్ని రద్దు చేయనక్కర్లేదు, కుర్చీలు ఖాళీగా ఉంచితే సరిపోతుంది. మెయిన్స్‌లో "సంస్థాగత సామర్థ్యం" అని రాసేటప్పుడు ఈ ఉదాహరణ రాయండి.

దరఖాస్తు ఎలా రాయాలి

ఎందుకు, ఏమిటి అని ప్రశ్నలు వేయకండి, కాగితాన్ని అడగండి. "నన్నెందుకు పట్టుకున్నారు?" అని రాస్తే జవాబు రాదు. "ఫలానా తేదీ ఉదయం 6 నుంచి రాత్రి 12 వరకు ఫలానా ఠాణా జనరల్ డైరీ నమోదుల సర్టిఫైడ్ కాపీ" అని రాస్తే తప్పించుకోవడం కష్టం. ఎస్పీ లేదా కమిషనర్ కార్యాలయంలోని పీఐఓకు పంపండి. సమాచారం వేరే కార్యాలయంలో ఉంటే 6(3) ప్రకారం వాళ్లే ఐదు రోజుల్లో బదిలీ చేయాలి. 48 గంటల దరఖాస్తుకు తప్ప కారణం చెప్పనక్కర్లేదు, 6(2). ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా, నిరాకరించినా ముప్పై రోజుల్లో మొదటి అప్పీలు. ఆ తర్వాత 90 రోజుల్లో కమిషన్‌కు రెండో అప్పీలు. పీఐఓకు రోజుకు 250, గరిష్ఠంగా 25,000 రూపాయల జరిమానా అక్కడే అడగాలి.

సీసీటీవీ ఫుటేజీ కావాలంటే ఒక్క రోజు కూడా ఆగొద్దు. పరంవీర్ సింగ్ సైనీ తీర్పు 2020 ప్రకారం ఠాణా ఫుటేజీని 18 నెలలు, అంత సామర్థ్యమున్న పరికరాలు దొరకకపోతే కనీసం ఏడాది దాచాలి. ఆ గడువు దాటితే అడగడానికి ఏమీ మిగలదు.

జైల్లో ఉన్నవారికి న్యాయ సేవల చట్టం 1987 సెక్షన్ 12 ప్రకారం ఉచిత న్యాయ సహాయం హక్కు. ఆ కుటుంబానికి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ దారి చూపించడం కూడా మనం చేయగలిగిందే.

చివరిగా అభ్యర్థులకు ఒక మాట. అవతార్ సింగ్ కేసులో 2016లో సుప్రీంకోర్టు, చిన్న కేసు దాచినా యాజమాన్యం విచక్షణతో మన్నించవచ్చంది. మన్నించి తీరాలని అనలేదు. మీకు ధర్నా, పక్కింటివాళ్లతో తగాదా, బండి ప్రమాదం లాంటి పాత కథ ఏదైనా ఉంటే ఫారం వచ్చేదాకా ఆగకండి. ఈ నెలలోనే మీ కాగితాలు తెప్పించుకోండి.

సాధన ప్రశ్న (250 పదాలు): "దర్యాప్తు, గోప్యత అనే రెండు మినహాయింపులు పోలీసు, జైలు వ్యవస్థల జవాబుదారీతనాన్ని ఎంతవరకు పరిమితం చేస్తున్నాయి? చర్చించండి." జవాబు రాసే ముందు ఒక దరఖాస్తు పెట్టండి. వచ్చిన జవాబునే మీ ఉదాహరణగా వాడండి.