తోడల్లుడి లాభం, మన నష్టం

ఆప్షన్ల గడువు ముగిసే రోజు సాయంత్రం బంధువుల వాట్సాప్ గ్రూపులో ఓ స్క్రీన్‌షాట్ వచ్చి పడుతుంది. ఆకుపచ్చ రంగులో లాభం అంకె, కింద వరసగా చప్పట్ల బొమ్మలు. పెట్టింది తోడల్లుడు. ‘అన్నయ్యా, ఇంకా ఎఫ్‌డీలేనా?’ అని పైనుంచి ఓ చురక. అభినందనలు రాసి ఫోను పక్కన పెట్టిన పెద్దల్లుడికి ఆ రాత్రి నిద్ర పట్టదు. వారం తిరక్కుండా అతనూ ట్రేడింగ్ ఖాతా తెరుస్తాడు. ఇలా కడుపుమంటతో మార్కెట్లోకి దిగేవారిని చూస్తుంటే భయం వేస్తోంది.

భయానికి లెక్కలున్నాయి. 2021-22 నుంచి మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో దిగిన కోటి మందికి పైగా వ్యక్తుల్లో 93 శాతం నష్టపోయారని మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2024 సెప్టెంబరులో తేల్చింది. సగటున తలా సుమారు 2 లక్షల రూపాయలు, మొత్తం 1.8 లక్షల కోట్ల పైమాటే. ఖర్చులు పోను లక్షకు మించి మిగిలింది నూటికి ఒక్కరికే. ఆ తర్వాత సెబీ నిబంధనలు బిగించింది. అయినా 2024-25లో 91 శాతం మంది నష్టాల్లోనే తేలారు. పోగొట్టుకున్నవారి స్క్రీన్‌షాట్లు మాత్రం ఏ గ్రూపులోనూ కనబడవు.

దీన్నంతా అత్యాశ ఖాతాలో రాసేస్తే సరిపోదు. కోటీశ్వరుడి పెళ్లి వైభోగాన్ని టీవీలో చూసి హాయిగా నిద్రపోయేవాడే, మరదలి భర్త ఫ్లాటు కొన్నాడంటే దొర్లుతాడు. మనిషి తనను పోల్చుకునేది తనకు దగ్గరగా ఉన్నవారితోనేనని లియాన్ ఫెస్టింజర్ అనే మనస్తత్వవేత్త 1954లోనే సిద్ధాంతీకరించాడు. అత్తారింట్లో ఒకే పీట మీద కూర్చున్న ఇద్దరల్లుళ్లకు ఆ సిద్ధాంతం ఎవరూ చదివి చెప్పనక్కర్లేదు.

సభాపర్వంలో దుర్యోధనుడికి లేనిదంటూ ఏమీ లేదు. పాండవుల సంపద, మయసభ చూసొచ్చాక ఉన్నదేదీ రుచించలేదు. ఆ మంటను శకుని చేతిలో పెట్టాడు, శకుని దాన్ని జూదంగా మార్చాడు. నేటి శకునులు టెలిగ్రామ్ ఛానళ్లలో టిప్పులు అమ్ముతున్నారు. ఓర్వలేనితనం ఎక్కడ రాజుకుంటుందో వాళ్లకు బాగా తెలుసు.

అసూయ పుట్టడం నేరం కాదు. దాన్ని గుట్టుగా దాచి, డబ్బుతో చల్లార్చబోవడంలోనే ముప్పుంది. ముందు భార్యతోనో స్నేహితుడితోనో ‘వాణ్ణి చూస్తే నాకు మంటగా ఉంది’ అని నోరు తెరిచి చెప్పాలి. పెద్దరికం పోదు. తోడల్లుణ్ణి పక్కకు పిలిచి, ఒక్కరోజు స్క్రీన్‌షాట్ చాలదు, ఏడాది మొత్తం లాభనష్టాల పట్టీ చూపించమనాలి. చాలామంది ఆ మాటకు నవ్వి ఊరుకుంటారు. అప్పుడు తనకు తానూ ఒక ప్రశ్న వేసుకోవాలి: నన్ను కాల్చింది వాడి డబ్బా, మామగారు వాడికి చేసిన మర్యాదా? మర్యాదే అయితే దాన్ని ఏ ఆప్షనూ కొనిపెట్టదు. డబ్బే అయితే, సంపాదించే దారి పగటి వెలుతురులో, ఇంట్లోవాళ్లతో కూర్చుని వెతుక్కోవచ్చు.

దెప్పిపొడుపులు ఆపాల్సిన బాధ్యత ఇంటి పెద్దలది. ‘చిన్నల్లుణ్ణి చూసి నేర్చుకో’ అన్న మాట ఎన్ని ఇళ్లను అప్పుల్లోకి నెట్టిందో సెబీ లెక్కల్లోకి రాదు.

ఇప్పటికే మునిగినవారు పోయింది రాబట్టాలని మళ్లీ అప్పు చేయవద్దు. ఇంట్లో ఈరోజే చెప్పండి. మనసు మరీ కుంగిపోతే మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన ఈ సేవ ఉచితం, రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడతారు.