గీకిన పెయింటు ఎక్కడికి పోతుంది?



వేట నిషేధం మొదలైంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లు సముద్రంలోకి పోవు. బోటు పనులన్నీ ఈ రెండు నెలల్లోనే. అమావాస్య పోటుకో పున్నమి పోటుకో బోటును గట్టెక్కించి, దుంగల మీద నిలబెట్టి, అడుగున పట్టిన గుల్లలూ నాచూ దులిపి, పాత పెయింటు గీకి కొత్తది వేస్తారు. ఈ రోజుల్లోనే మన తీరప్రాంత మందిరాల్లో ఒక ప్రసంగం కూడా వినిపిస్తుంది. పాత పెయింటు పాత జీవితం, గీకుడు మారుమనస్సు, కొత్త రంగు నూతన జన్మ. మంచి పోలికే. బలం లేని గోడకు గచ్చుపూత పూసినవారి గురించి యెహెజ్కేలు 13వ అధ్యాయంలో ఉంది కదా. పెచ్చులు లేస్తున్న పూత మీదే కొత్త పెయింటు వేయించిన ఓనరుకు ఆ అధ్యాయం ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. కొద్ది నెలల్లోనే పూత ఊడుతుంది, గుల్ల పడుతుంది, బోటు బరువెక్కి డీజిలు తాగుతుంది. (గ్రైండరును పరిశుద్ధాత్మతో పోల్చిన ప్రసంగం కూడా ఒకటి విన్నాను. దాని సంగతి ఇంకోసారి.)

అయితే ప్రసంగంలో గీకిన పెయింటు మాయమైపోతుంది. గట్టు మీద మాయమవదు. అది ఎక్కడికి పోతుందో ఈ వారం మాట్లాడుకుందాం.

బోటు అడుగుకు వేసేది ఇంటి గోడకు వేసే రంగు లాంటిది కాదు. విషం కలిపి చేసిన పెయింటు అది. విషంగా ఉండటమే దాని పని. చాలా రకాల్లో రాగి ఆక్సైడు ఉంటుంది. అది కొద్దికొద్దిగా నీళ్లలోకి దిగుతూ గుల్ల పిల్లను అడుగుకు అతుక్కోనివ్వదు. ఆ గుల్ల ఎవరనుకున్నారు? రొయ్యకూ పీతకూ దగ్గర చుట్టం. గుల్లను చంపే మందు రొయ్య పిల్లను చూసి పక్కకు తప్పుకోదు. ఇక పాత చెక్క బోట్లలో అట్టడుగు పొర రెడ్ లెడ్ అనే సీసపు ప్రైమరు కావచ్చు. ఏ సంవత్సరం ఎవరు ఏది వేశారో చేతులు మారిన బోటుకు లెక్క ఉండదు. ఇళ్లకు వేసే పెయింట్లలో సీసం 90 పీపీఎం మించకూడదని 2017 నవంబరు నుంచి మన దేశంలో నియమం ఉంది. అది ఇళ్ల పెయింట్లకు, అలంకరణ పెయింట్లకు. పాతికేళ్ల కిందట బోటుకు పూసిన పొరకు ఆ నియమంతో పనేముంది?

మరి ఆ పొరను గీకేది ఎవరు? ఇప్పుడు బడికి సెలవులు. ఎనిమిది, తొమ్మిది చదివే పిల్లలు, పది పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నవాళ్లు. బోటు కింద వెల్లకిలా పడుకుని, ముక్కుకు రుమాలు కట్టుకుని, పొడిపొడిగా గ్రైండరు ఆడిస్తారు. సన్నటి ధూళిని రుమాలు ఆపదు. మధ్యాహ్నం చేతులు దులుపుకుని అన్నం తింటారు. సాయంత్రం అదే చొక్కాతో ఇంటికి పోయి చంటి చెల్లెల్ని ఎత్తుకుంటారు. సీసం ఎక్కువగా దెబ్బతీసేది చిన్నపిల్లల మెదడునే. ఇంతవరకైతే హాని లేదు అని చెప్పగల మోతాదు ఏదీ సీసానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది.

“ఏమవుద్దయ్యగారూ, మా నాన్న కాలం నుంచీ గీకుతూనే ఉన్నాం” అంటారు. నాన్న కాలంలో గ్రైండరు లేదు. ఆయన తడి మీద చేత్తో గీకాడు, పెచ్చులు పెచ్చులుగా కింద పడ్డాయి. గ్రైండరు దాన్ని పిండి చేసి గాల్లోకి లేపుతుంది. పైగా సీసం పాము కాటులా అప్పటికప్పుడు కనబడదు. పిల్లాడికి చదువు ఎక్కకపోతే బుర్ర లేదంటాం, బోటు వైపు ఎవరం చూడం.

ద్వితీయోపదేశకాండము 22:8 తీసి చూడండి. కొత్త ఇల్లు కట్టినవాడు మేడకు పిట్టగోడ కట్టాలి. ఎవరైనా పడితే ఆ రక్తం ఆ ఇంటి మీద ఉంటుంది. పడినవాడు చూసుకుని నడవలేదేం అని ధర్మశాస్త్రం అడగలేదు, ఇంటి యజమానినే అడిగింది. బోటు నీదైతే దాని కింద రేగే ధూళి కూడా నీదే. దేశ చట్టం కూడా 14 ఏళ్లలోపు పిల్లల్ని పనిలో పెట్టవద్దంటోంది, ప్రమాదకరమైన పనుల్లో 18 ఏళ్లలోపు వారిని పెట్టవద్దంటోంది. సీసపు ధూళి కన్నా ప్రమాదం ఇంకేం కావాలి?

పని ఎలా చేయాలో కూడా చెబుతాను, తెలిసినవాళ్లు ఓపిక పట్టండి. అసలు మొత్తం గీకాల్సిన అవసరం అన్నిసార్లూ ఉండదు. గట్టిగా పట్టి ఉన్న పూతను కడిగి, నీళ్లతో తడుపుతూ వాటర్ పేపరుతో గరుకు చేసి, కొత్త పెయింటు దానికి సరిపడేదో కాదో షాపులో అడిగి వేసుకోవచ్చు. లేచిన పెచ్చులే తీయాలి. ఈ చోట మన ప్రసంగం పోలిక తెగిపోతుంది, తెగనివ్వండి. గుల్లలను బోటు ఎక్కిన రోజే, తడి ఆరకముందే దులపాలి. ఎండితే రాయిలా పట్టుకుంటాయి. స్క్రేపరు మూలలు ఆకురాయితో గుండ్రంగా చేస్తే చెక్కలోకి దిగబడదు. ఫైబరు బోటుకు గ్రైండరు పెడితే పై పొర తెగి లోపలికి నీరు పడుతుంది, ఆ ఖర్చు తర్వాత తెలుస్తుంది. పాత పెయింటును మంటతో కాల్చి లేపవద్దు, సీసం పొగగా ఊపిరిలోకి పోతుంది. నీళ్లు చల్లే చోట కరెంటు పనిముట్టు వద్దే వద్దు. కింద టార్పాలిన్ పరవండి. ఎన్95 మాస్కు పెట్టుకోండి. అన్నానికి ముందు సబ్బుతో కడుక్కోండి, పని బట్టలు ఇంట్లో బట్టలతో కలిపి ఉతకవద్దు. రాలిన పెచ్చులు సంచిలో మూటకట్టి, ఏమిటో చెప్పి పంచాయతీ చెత్త బండికి విడిగా ఇవ్వండి. పూర్తి పరిష్కారం కాదు, కానీ ఏట్లోకి ఊడ్చడం కన్నా, తగలబెట్టడం కన్నా నయం.

ఏట్లోకి పోతే ఏమవుతుందో ఫ్రాన్సులో ఆర్కషాన్ అనే ఊరి వాళ్లు చూశారు. అక్కడి బే ఆల్చిప్పల పెంపకానికి పేరున్నది. పడవల అడుగు పెయింట్లో ట్రైబ్యూటైల్ టిన్ అనే మందు ఉండేది. చిప్పలు వికారంగా మందమెక్కాయి, కొత్త పిల్ల పట్టడం మానేసింది, పెంచేవాళ్లు చితికిపోయారు. 1982లో ఫ్రాన్సు చిన్న పడవలకు ఆ పెయింటు ఆపించింది. ప్రపంచమంతటికీ ఒప్పందం కుదిరింది 2001లో, అమల్లోకి వచ్చింది 2008లో. అక్కడ పడవలవాళ్లు, చిప్పలవాళ్లు వేర్వేరు జనం. ఇక్కడ బోటు ఓనరూ, పీతలు పట్టే అమ్మా ఒకే బల్ల మీద కూర్చుని ఆరాధిస్తారు.

ఖర్చు సంగతి నాకు తెలియక కాదు. నిషేధ భృతిని 2025లో మన రాష్ట్రంలో 10,000 నుంచి 20,000 రూపాయలకు పెంచారు. రెండు నెలలు ఇల్లు గడవాలంటే అది చాలదు, అందుకే పిల్లాడి కూలి కూడా లెక్కలోకి వస్తుంది. కాబట్టి పిల్లల్ని మానిపించండని తల్లిదండ్రులకు మాత్రమే చెప్పడం నాకు న్యాయంగా తోచడం లేదు. ఓనర్లే ఆ పనికి పెద్దవాళ్లను పెట్టాలి, గీకుడుకు రంగు వేసే పని కన్నా తక్కువ కూలి ఇవ్వడం మానాలి. రంగు వేసినవాడి పని అందరికీ కనబడుతుంది. గీకినవాడి పని రంగు కిందకు పోతుంది. అంతమాత్రాన అది తక్కువ పని కాదు.

మందిరం వెనక గదిలో క్రిస్మస్ పందిరికి వేసే పాత టార్పాలిన్లు రెండు ఉన్నాయి. ఎవరి బోటు ముందు గట్టెక్కితే వాళ్లు పట్టుకెళ్లండి. మళ్లీ పందిరికి వాడం కాబట్టి తిరిగి తేవద్దు.