పోసినవాడి పేరు ఎక్కడా వినపడదేం?

తాగి కారు నడిపి ఎవడో ఎవర్నో చంపేశాడని వార్త రాగానే మనవాళ్ళ నోట వచ్చే మాటలు రెండే రెండు. ఒకటి, "ఏం చేస్తాం, వాళ్ళ ఆయుష్షు అంతే". రెండోది, "అలాంటి వెధవల్ని నడిరోడ్డు మీద ఉరి తియ్యాలి". ఒకటి వేదాంతం, ఇంకోటి ఆవేశం. చూడ్డానికి ఒకదానికొకటి పొంతన లేదు గానీ, రెండూ చేసే పని ఒకటే. ఆ రాత్రి వాడికి ఆరో గ్లాసు పోసి, డబ్బు తీసుకుని, "గుడ్ నైట్" చెప్పి పంపించినవాణ్ణి చల్లగా తప్పించేస్తాయి. నా గొడవంతా ఆ పోసినవాడి గురించే.

ఇది ఎక్కడో జరిగే విషయం కాదు. 2014 జులైలో మా నేపర్‌విల్‌లోనే ఒక కారు అదుపు తప్పి నీళ్ళు నిండిన క్వారీలో పడింది. నడిపినవాడు బతికాడు, కారులో ఉన్న ఇద్దరు కుర్రాళ్ళు పోయారు. నడిపినవాడు తాగి ఉన్నాడని కోర్టు తేల్చి జైలుకి పంపింది. ఇల్లినాయ్ చట్టంలో తాగి నడిపి ఒకరి చావుకి కారణమైతే 3 నుంచి 14 ఏళ్ళు, ఇద్దరు గానీ అంతకన్నా ఎక్కువమంది గానీ పోతే 6 నుంచి 28 ఏళ్ళు. శిక్ష విషయంలో ఈ రాష్ట్రాన్ని మెతకది అనలేం.

కానీ శిక్ష వేరు, పరిహారం వేరు. వాడు పదేళ్ళు జైల్లో కూర్చుంటే పోయినవాడి ఇంటికి మార్ట్‌గేజి ఎవరు కడతారు? ఇల్లినాయ్‌లో కారుకి ఉండాల్సిన కనీస లయబిలిటీ ఇన్స్యూరెన్సు, 2015 నుంచి, ఒక మనిషి ప్రాణానికి 25,000 డాలర్లు. ఆ యాక్సిడెంట్‌లో ఎంతమంది పోయినా అందరికీ కలిపి 50,000. ఆసుపత్రి బిల్లులు, శవాన్ని ఇండియా పంపే ఖర్చు, అంత్యక్రియలు కలిపితే అందులో మిగిలేది ఎంతో మీరే లెక్కేసుకోండి. తాగి చంపినవాడు ఆ అప్పుని దివాలా తీసి ఎగ్గొట్టడానికి ఫెడరల్ చట్టం ఒప్పుకోదు, నిజమే. కానీ జేబులో లేనివాడి దగ్గర ఎగ్గొట్టడానికైనా ఏముంటుంది?

ఇక్కడే డ్రామ్ షాప్ చట్టం పనికొస్తుంది. డ్రామ్ అంటే పాతకాలంలో సారాయి కొలత. ఇల్లినాయ్‌లో ఇలాంటి చట్టం 1872లోనే వచ్చింది, ఇప్పుడున్నది 1934 నాటి లిక్కర్ కంట్రోల్ చట్టంలో ఒక సెక్షను. దాని ప్రకారం బార్ వాడు అజాగ్రత్తగా ఉన్నాడని నిరూపించాల్సిన పని కూడా లేదు. వాడు మందు అమ్మాడు, ఆ మందు వల్ల మత్తెక్కింది, ఆ మత్తు వల్ల ప్రాణం పోయింది. ఈ మూడు చూపిస్తే చాలు. లోపల మందు అమ్ముతున్నారని తెలిసి అద్దెకిచ్చిన బిల్డింగు ఓనరు కూడా బాధ్యుడే. నూట యాభై ఏళ్ళ క్రితం గుర్రబ్బండ్ల కాలంలోనే వీళ్ళకి ఈ ఆలోచన వచ్చిందంటే ఆశ్చర్యంగా లేదూ?

అయితే ఇందులో రెండు మెలికలున్నాయి. బార్ నుంచి రాబట్టగలిగే మొత్తానికి పరిమితి ఉంది. ఏటా సవరిస్తారు గానీ అటూ ఇటుగా లక్ష డాలర్లు. రెండో మెలిక మనవాళ్ళకి మరీ ప్రమాదం. కేసు ఒక్క ఏడాదిలోపు వెయ్యాలి. డ్రైవరు మీద వేసే కేసుకి మామూలుగా రెండేళ్ళు టైముంది, బార్ మీద వేసేదానికి పన్నెండు నెలలే.

మన ఇళ్ళలో ఆ పన్నెండు నెలలు ఎలా గడుస్తాయో మీకూ తెలుసు. భర్త హెచ్-1, భార్య హెచ్-4 అయితే, భర్తతో పాటే ఆవిడకి ఇక్కడ ఉండే అర్హత కూడా పోతుంది. శవంతో పాటు ఆవిడా, పిల్లలూ విమానం ఎక్కుతారు. పదకొండో రోజు, మాసికాలు, సంవత్సరీకం. ఈలోపు ఎవరైనా లాయరు మాట ఎత్తితే, "పోయినవాడి పేరు మీద డబ్బులడుగుతామా?" అని ఇంట్లో పెద్దవాళ్ళు చెవులు మూసుకుంటారు. సంవత్సరీకం రోజుకి బార్ వాడు గట్టెక్కిపోయి ఉంటాడు.

మరోవైపు మనం ఏం చేస్తాం? గోఫండ్‌మీ లింకు పంపిస్తాం. ఇవ్వడం మంచిదే, ఇవ్వొద్దని నేను ఎప్పుడూ అనను. మొదటి నెల గడవాలంటే అదే దిక్కు. కానీ ఆలోచించండి. చంపినవాడూ, వాడికి పోసి లాభం చేసుకున్నవాడూ కట్టాల్సిన డబ్బుని నేపర్‌విల్, అరోరా, బోలింగ్‌బ్రూక్‌లో తలా యాభై డాలర్లు వేసుకుని మనం కడుతున్నాం. చందా దయ. పరిహారం హక్కు. దయ చూపించేశాం కదా అని హక్కుని వదిలేయమనడం ఆ కుటుంబానికి రెండో దెబ్బ.

పైగా ఆ హక్కుకి వీసాతో సంబంధం లేదు. పోయినవాడి భార్యాపిల్లలు, వాళ్ళు లేకపోతే తల్లిదండ్రులు, తోబుట్టువులు, గుంటూరులో ఉన్నా గుడివాడలో ఉన్నా డ్రైవరు మీద వేసే కేసులో వారసులే. 2007 నుంచి ఇల్లినాయ్‌లో దుఃఖానికి, మనోవేదనకి కూడా పరిహారం అడగొచ్చు. ఇలాంటి కేసుల్లో లాయర్లు సాధారణంగా గెలిస్తే వచ్చినదాంట్లో వాటా తీసుకుంటారు తప్ప ముందు ఫీజు అడగరు. ఇవేవీ రహస్యాలు కావు. మన సంఘాల వాళ్ళు సంక్రాంతి టికెట్ల గురించి పంపే ఈమెయిళ్ళలో పదో వంతు దీని గురించి పంపినా అందరికీ తెలిసేది.

ఇప్పుడు అసలు అభ్యంతరానికి వద్దాం. "తాగినవాడు పాలు తాగే పిల్లాడా? వాడి తప్పుకి బార్ వాడేం చేస్తాడు? కత్తి అమ్మినవాణ్ణి హంతకుడంటామా?" చాలా తెలివైన స్నేహితులు కూడా ఈ ప్రశ్న అడుగుతారు. కత్తి అమ్మేవాడు, కొన్నవాడి బుర్ర పనిచెయ్యకుండా చేసి ఆ తర్వాత కత్తి చేతిలో పెట్టడు. బార్ వాడు చేసేది అదే. తన సరుకు మనిషి విచక్షణ మీద పనిచేస్తుందని వాడికి తెలుసు. పార్కింగ్ లాట్ నిండా కార్లున్నాయనీ తెలుసు. తెలియకపోతే నేర్పడానికి ఇల్లినాయ్‌లో మందు పోసే ఉద్యోగులకి బాసెట్ అనే శిక్షణ తప్పనిసరి చేశారు.

మా ఉద్యోగాల్లో అర్ధరాత్రి సర్వరు పడిపోతే, తప్పు బటన్ నొక్కినవాడు ఒక్కడే దొరుకుతాడు. కాస్త బుర్రున్న మేనేజరు అక్కడితో ఆగడు. ఆ బటన్ వాడికి ఎవరిచ్చారు, ఆపే చెక్ ఎందుకు లేదు అని అడుగుతాడు. నొక్కినవాణ్ణి వదిలేయమని కాదు, ఇంకోసారి జరక్కూడదని. పోసినవాడి జేబుకి చిల్లు పడుతుందంటే వాడే ఆరో గ్లాసు ఆపి టాక్సీ పిలుస్తాడు.

సరే, బార్లని తిట్టాం కదా అని మన బేస్‌మెంట్లు పవిత్రం అనుకోకండి. "ఇంకొక్కటి అన్నా, ఇల్లు పక్కనే కదా" అని పోసేది మనమే. న్యూజెర్సీలో 1984లో కెల్లీ వర్సెస్ గ్విన్నెల్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు, డ్రైవ్ చేస్తాడని తెలిసీ మత్తులో ఉన్న అతిథికి ఇంకా పోస్తే ఇంటివాడు కూడా పరిహారానికి బాధ్యుడే అంది. ఇల్లినాయ్ సుప్రీంకోర్టు 1995లో ఇందుకు ఒప్పుకోలేదు. అంటే అదే పార్టీ, అదే బాటిల్, ఎడిసన్‌లో అయితే మీ మీద కేసు పడొచ్చు, నేపర్‌విల్‌లో అయితే పడదు. (21 నిండని పిల్లల్ని మన ఇంట్లో తాగనిస్తే మాత్రం ఇక్కడా నేరమే.) ఇది చట్టంలో ఉన్న చిల్లు తప్ప మనకిచ్చిన సర్టిఫికెట్ కాదు. న్యూజెర్సీ నియమమే న్యాయం అని నా అభిప్రాయం.

మరి మన దేశం సంగతి? 2016 జులై 1న హైదరాబాద్ పంజాగుట్టలో, బార్‌లో తాగి బయల్దేరిన కాలేజీ కుర్రాళ్ళ కారు డివైడర్ దాటి ఒక కుటుంబం కారు మీద పడింది. పదేళ్ళ పాప, ఆమె బాబాయి, తాతయ్య పోయారు. ఆ కుర్రాళ్ళలో మందు కొనడానికి చట్టం చెప్పిన 21 ఏళ్ళు నిండనివాళ్ళూ ఉన్నారు. రాష్ట్రమంతా ఏడ్చింది. కానీ అక్కడ మోటారు వాహనాల ట్రిబ్యునల్‌లో పరిహారం అడిగేది డ్రైవరునీ, బండి ఓనరునీ, ఇన్స్యూరెన్సు కంపెనీనీ. పోసిన బార్‌ని అడగడానికి ఇలాంటి చట్టం లేదు. చమత్కారం ఏంటంటే, రక్తంలో ఆల్కహాల్ హద్దు అక్కడ 100 మిల్లీలీటర్లకి 30 మిల్లీగ్రాములు, ఇక్కడ 80. కాగితం మీద మనదే కఠినం!

పసిపిల్లల ప్రాణానికి లెక్క ఇంకా ఘోరం. 2013లో కిషన్ గోపాల్ కేసులో, వేరే ప్రమాదంలో పోయిన పదేళ్ళ పిల్లాడికి సుప్రీంకోర్టు ఏడాదికి 30,000 రూపాయల ఊహా ఆదాయం కట్టి, మొత్తం 5 లక్షలు ఇప్పించింది. అంతకుముందు కట్టిన లెక్కల కన్నా అదే ఉదారం అన్నారు.

చట్టం ఎందుకు రాలేదో ఊహించడం కష్టమా? రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మద్యం హోల్‌సేల్ వ్యాపారం ప్రభుత్వ కార్పొరేషన్‌దే. ఆంధ్రాలో 2019 నుంచి 2024 దాకా దుకాణంలో సీసా అమ్మిందీ సర్కారే. పోసినవాడు బాధ్యుడు అంటే మొదటి ముద్దాయి ఎవరవుతారో వాళ్ళకి బాగా తెలుసు. ప్రతి సీసా మీద పన్ను తీసుకునేవాళ్ళు, ఆ సీసా వల్ల పోయిన ప్రాణానికి అందులోంచే ఒక నిధి పెట్టలేరా? తప్పు చేసిన బార్ లైసెన్సు ఫీజులోంచి పరిహారం ఇప్పించలేరా? రోడ్డు మీద ఊదించే పోలీసుని మాత్రం చూపించి చేతులు దులుపుకుంటే సరిపోదు.

అక్కడి చట్టం మన చేతిలో లేదు. ఇక్కడిది ఉంది, వాడుకుందాం. ఇంకోసారి ఇలాంటి కబురు వస్తే, చందా లింకుతో పాటు ఆ కుటుంబం తరఫున ఎవరో ఒకరు మొదటి వారంలోనే లాయరుకి ఫోన్ చెయ్యండి. వాడు చివరి గ్లాసు ఎక్కడ తాగాడో కనుక్కోమనండి. కెమెరా రికార్డింగు చెరిపెయ్యకుండా, బిల్లులు పారెయ్యకుండా ఆ బార్‌కి నోటీసు పంపించమనండి. పన్నెండు నెలలు ఆ రోజు నుంచే మొదలవుతాయి.